చెన్నై పేటెంటు ఆఫీసు నుంచి ఎఫ్‌ఈఆర్ వచ్చింది: ఓలెడ్ అణువు మీద 3(డి) అభ్యంతరం, జవాబు ఎలా రాయాలి?

నీలికాంతి (మద్దిలపాలెం) · సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేను పీహెచ్‌డీ నాలుగో ఏడు. ఓలెడ్ డిస్‌ప్లేల్లో వెలుగునిచ్చే పొరకి హోస్ట్‌గా (వెలిగే అణువుని తనలో పట్టి ఉంచే ఆధారంగా) పనికొచ్చే కార్బజోల్–ట్రయజీన్ అణువులు నాలుగు తయారుచేశాను. మా గైడుగారూ నేనూ కలిసి పేటెంటుకి అప్లై చేశాం. దరఖాస్తుదారుల్లో నేనూ ఉన్నాను కాబట్టి మహిళలకి ఇచ్చే వెసులుబాటు కింద ఫారం 18ఎ వేసి త్వరగా పరీక్షించమని అడిగాం. అది నిజంగానే త్వరగా వచ్చేసింది. శుక్రవారం ఫస్ట్ ఎగ్జామినేషన్ రిపోర్టు (ఎఫ్‌ఈఆర్) మెయిల్లో పడింది. పదకొండు పేజీలు.

అభ్యంతరాలు ఇవి. మాకంటే ముందు వచ్చిన పత్రంగా చూపిన డి1 అనే కొరియన్ అప్లికేషన్‌లోని జనరల్ ఫార్ములాలో మా నాలుగు అణువులూ పడతాయట, అందుకని కొత్తదనం లేదట. డి2 మా సొంత కాన్ఫరెన్స్ అబ్‌స్ట్రాక్టే! అప్లికేషన్ వేయడానికి నాలుగు నెలల ముందు అచ్చయింది. తర్వాత తెలిసిన పదార్థానికే కొత్త రూపమని పేటెంటు చట్టం సెక్షన్ 3(డి), హోస్ట్, డోపెంట్ (అసలు వెలిగే అణువు) కలిపిన పొర ఉత్త మిశ్రమమేనని 3(ఇ), చివరగా క్లెయిమ్ 1 (హక్కు కోరే మొదటి వాక్యం) మరీ విశాలంగా ఉందని 10(5).

రాత్రిళ్లు ల్యాబులో లైట్లు ఆర్పి, 365 నానోమీటర్ల లాంపు పట్టుకుని, కాలమ్‌లో నీలంగా మెరుస్తూ దిగే బ్యాండ్ కోసం నిలబడ్డ రోజులు గుర్తొస్తున్నాయి. ఇదంతా పోయినట్టేనా? చాలా టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు చెప్పండి.

పరవాడ_మాస్టారు · సోమవారం, రాత్రి 10:25

అమ్మా, ముందు భోజనం చేసి పడుకో. ఎఫ్‌ఈఆర్ అంటే తిరస్కరణ కాదు. మందుల కంపెనీలో పేటెంట్ విభాగంలో చాలా ఏళ్లు పనిచేశాను. ఒక్క అభ్యంతరం కూడా లేకుండా వచ్చిన కెమిస్ట్రీ రిపోర్టు నేను చూడలేదు. ఎగ్జామినర్ తన పని తాను చేశారు. ఇక నీ పని మొదలు.

రిపోర్టు మీదున్న తేదీని క్యాలెండర్‌లో ఎర్ర ఇంకుతో రాసుకో. ఆ తేదీ నుంచి 6 నెలల్లో జవాబు పడాలి. ఆ గడువు దాటకముందే ఫారం 4 వేస్తే మరో 3 నెలలు దొరుకుతాయి. దాటితే సెక్షన్ 21 కింద అప్లికేషన్ వదిలేసినట్టే లెక్క. సైన్సు బాగుండి, తేదీ మర్చిపోయి పోగొట్టుకున్నవాళ్లు నాకు తెలుసు.

ఇప్పుడు డి1 సంగతి. ఫార్ములాలో "పడటం" వేరు, అందులో "చెప్పి ఉండటం" వేరు. ఒక ఫార్ములాలో ఆర్1 నుంచి ఆర్8 దాకా గుంపులు పెట్టి, ఒక్కోదానికి ఇరవై రకాలు ఇస్తే కాగితం మీద కోట్ల అణువులు తయారవుతాయి. వీటినే మార్కుష్ క్లెయిములంటారు. 1920ల్లో అమెరికాలో రంగుల రసాయనాల మీద పేటెంటు అడిగిన యూజీన్ మార్కుష్ పేరుమీద ఆ పేరు వచ్చింది. ఆ కోట్లలో నీ అణువు ఉండొచ్చు. కానీ దాని బొమ్మగానీ, తయారుచేసిన ఉదాహరణగానీ, సూటిగా అక్కడికే తీసుకెళ్లే సూచనగానీ డి1లో ఉందా? అది చూసి చెప్పు.

ఋషికొండ_సెర్చ్ · మంగళవారం, ఉదయం 7:15

నీలికాంతీ, నేను పేటెంట్ సెర్చ్ పనే చేస్తాను. మాస్టారు అడిగిన ప్రశ్నకి జవాబు డి1 మెషీన్ అనువాదంలో వెతక్కు. ఒకసారి కొరియన్ పత్రంలో క్లెయిమ్ చివర "ఫలానా అణువును మినహాయించి" అనే ముక్క ఉంటే, మెషీన్ అనువాదంలో ఆ "మినహాయించి" ఎగిరిపోయింది. దానివల్ల మా రిపోర్టు మొత్తం తలకిందులైంది. అప్పటి నుంచి మూలంలో ఉన్న అణువుల బొమ్మలనే ఒక్కొక్కటిగా చూస్తాను. బొమ్మకి అనువాదం అక్కర్లేదు కదా.

ప్రపంచ మేధోసంపత్తి సంస్థ వైపో వారి పేటెంట్‌స్కోప్‌లో ఉచితంగా లాగిన్ అయితే అణువు గీసి వెతకొచ్చు. నీ నాలుగూ గీసి చూడు, తర్వాత ట్రయజీన్ వైపు ఫినైల్ తీసేసి చూడు. క్లాసిఫికేషన్ కోసమైతే సి09కె 11/06, దానితోపాటు హెచ్10కె 85/654 చూడు. 2023కి ముందు అచ్చయిన పత్రాల మొదటి పేజీ మీద హెచ్01ఎల్ 51 అని ఉంటుంది, కంగారు పడకు. ఆర్గానిక్ డివైజులన్నీ 2023 జనవరిలో హెచ్10కె కిందికి మారాయి.

డి1లో అణువుల పట్టికలో ఎన్ని ఉన్నాయి? అందులో నిజంగా తయారుచేసి ఎన్‌ఎంఆర్ లేదా మాస్ (అణువు నిర్మాణాన్ని తేల్చే పరీక్షలు) ఫలితాలు ఇచ్చినవి ఎన్ని? డివైజులో పెట్టి కొలిచినవి ఎన్ని? ఈ మూడు అంకెలూ కావాలి.

నీలికాంతి · మంగళవారం, రాత్రి 8:50

అక్కా, రోజంతా అదే పని. పట్టికలో 312 బొమ్మలు. తయారుచేసినవి 14. డివైజులో పెట్టినవి 6. మా నాలుగూ ఆ 312లో లేవు!! కానీ 87వ నంబరు మా రెండో అణువుకి చాలా దగ్గర. కార్బజోల్ అతుక్కున్న చోటు ఒక్కటే తేడా, వాళ్లది పారా (వలయంలో ఎదురుచోటు), మాది ఆర్థో (పక్కచోటు). 87ని వాళ్లు తయారుచేసి డివైజులో కూడా కొలిచారు.

పరవాడ_మాస్టారు · మంగళవారం, రాత్రి 9:30

శుభం. అయితే కొత్తదనం మీద జవాబు దాదాపు నీ చేతిలో ఉన్నట్టే. అసలు పోరాటం ఇన్వెంటివ్ స్టెప్ (ఆ రంగం తెలిసినవాళ్లకి ఇట్టే తట్టనిదేనా అన్నది) దగ్గర, 3(డి) దగ్గర. పారా నుంచి ఆర్థోకి మార్చడం ఎవరికైనా తట్టేదే అంటారు ఎగ్జామినర్. పైగా 3(డి) వివరణలో ఐసోమర్లు, కాంప్లెక్సులు, "ఇతర డెరివేటివ్‌లు" అన్నీ తెలిసిన పదార్థంగానే లెక్క, ఎఫికసీలో గణనీయమైన తేడా చూపిస్తే తప్ప. ఆ 87వ నంబరే ఇప్పుడు నీకు కీలకం.

సీతమ్మధార_అభ్యర్థి · మంగళవారం, రాత్రి 10:05

మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి. పేటెంట్ ఎగ్జామినర్ పోస్టుకి ప్రిపేరవుతున్నాను. 2023లో 553 పోస్టులు పడ్డప్పుడు అర్హత లేకపోయింది, ఈసారి వదలను. 3(డి) అంటే మందుల కోసం కదా? డిస్‌ప్లే పదార్థానికి "ఎఫికసీ" ఏమిటి?

పరవాడ_మాస్టారు · బుధవారం, ఉదయం 6:10

మంచి ప్రశ్న, నాయనా. 2013 ఏప్రిల్ 1న నోవార్టిస్ కేసులో సుప్రీంకోర్టు గ్లివెక్ గురించి చెబుతూ, మందు విషయంలో ఎఫికసీ అంటే రోగం మీద పనిచేసే శక్తి అంది. శరీరంలో బాగా ఇంకడం, నిల్వకి తట్టుకోవడం లాంటివి దానికవే సరిపోవంది. కానీ సెక్షన్ 3(డి)లో "మందు" అనే మాట లేదు, "పదార్థం" అని ఉంది. మద్రాసు హైకోర్టు కూడా 2023లో నోవోజైమ్స్ అనే ఎంజైమ్ కేసులో ఈ సెక్షన్ మందులకే పరిమితం కాదంది. అందుకే చెన్నైలో ఓలెడ్ అణువుకీ ఈ అభ్యంతరం వస్తుంది.

మరి ఎఫికసీ ఏమిటంటే, ఆ పదార్థం ఏ పనికోసం ఉందో ఆ పని ఎంత బాగా చేస్తోందన్నదే. హోస్ట్ అణువు పని మందు పని కాదు. ఆ పనేమిటో ఫిజిక్స్ చదివినవాళ్లు చెబితే బాగుంటుంది.

ఉప్పుగాలి · బుధవారం, ఉదయం 11:30

నేను చెబుతాను, మాస్టారూ. మాది పెదవాల్తేరు, ఇప్పుడు బయటి ఊళ్లో డివైజు ల్యాబులో ఉన్నాను.

ఓలెడ్‌లో ఒకవైపు నుంచి ఎలక్ట్రాన్లు, మరోవైపు నుంచి హోల్స్ (ఎలక్ట్రాన్ లేని ఖాళీలు) వచ్చి మధ్య పొరలో కలుస్తాయి. కలిసినప్పుడు పుట్టే ఉత్తేజిత స్థితుల్లో 25 శాతం సింగ్లెట్లు (తేలిగ్గా వెలుగునిచ్చేవి), 75 శాతం ట్రిప్లెట్లు (మామూలుగా వెలుగునివ్వనివి). 1987లో కొడాక్‌లో టాంగ్, వాన్‌స్లైక్ చేసిన మొదటి మంచి డివైజు ఆ 25 శాతాన్నే వాడుకోగలిగింది. బయటికొచ్చే వెలుగు సుమారు ఐదో వంతే కాబట్టి ఆ దారిలో మొత్తం మీద 5 శాతం దగ్గర ఆగిపోతుంది. 1990ల చివర్లో ప్రిన్స్‌టన్‌లో ఫారెస్ట్, సదర్న్ కాలిఫోర్నియాలో థామ్సన్ బృందాలు ప్లాటినం, ఇరిడియం కాంప్లెక్సులతో ఆ 75 శాతాన్ని కూడా వెలుగుగా మార్చాయి. 2012లో జపాన్‌లో అడాచీ బృందం లోహం లేకుండానే, ట్రిప్లెట్‌ను మళ్లీ సింగ్లెట్‌గా లేపి అదే పని చేసింది. దాన్నే టీఏడీఎఫ్ అంటారు.

ఇందులో హోస్ట్ పని రెండు. మొదటిది, తన ట్రిప్లెట్ శక్తి డోపెంట్ కంటే ఎత్తులో ఉంచి శక్తి వెనక్కి కారిపోకుండా ఆపడం. రెండోది, ఎలక్ట్రాన్లనీ హోల్స్‌నీ సమంగా మోస్తూ తాను విరిగిపోకుండా నిలవడం. ఎరుపు, ఆకుపచ్చల్లో ఇది ఎప్పుడో కుదిరింది. నీలం దగ్గరే ఇప్పటికీ కష్టం. నీలం ఫోటాన్ శక్తి ఎక్కువ, ఆ ఎత్తున అణువు బంధాలే తెగుతాయి.

కాబట్టి ఈ అణువుకి ఎఫికసీ అంటే నా ఉద్దేశంలో ముందు జీవితకాలం, తర్వాత ఎక్స్‌టర్నల్ క్వాంటమ్ ఎఫిషియెన్సీ (పంపిన ఎలక్ట్రాన్లకి ఎంత కాంతి బయటికొచ్చిందన్నది), ఆ తర్వాత వోల్టేజి. ద్రవంలో మెరిసే కాంతి ఎంతున్నా ఎగ్జామినర్‌కి చూపించి లాభం లేదు.

డాబాగార్డెన్స్_మొబైల్స్ · బుధవారం, మధ్యాహ్నం 3:20

ఈ నీలం సంగతి మా షాపులో రోజూ చూస్తాను. మొన్న ఒకాయన నాలుగేళ్లు వాడిన ఫోన్ తెచ్చారు. రోజంతా మ్యాప్ తెరిచి పెట్టుకుని క్యాబ్ తోలుతారు. తెల్ల స్క్రీన్ పెడితే మ్యాప్ గీతలు, కింద కీబోర్డు అక్షరాలు పసుపు నీడల్లా అంటుకుపోయి కనిపించాయి. ఎర్ర స్క్రీన్ పెడితే నీడ లేదు. నీలి స్క్రీన్ పెడితే కొట్టొచ్చినట్టు కనపడింది. ఆ చుక్కల్లో నీలం ముందే అలిసిపోయిందన్నమాట. మా దగ్గర దానికి మందు లేదు, ప్యానెల్ మార్చడమే. అమ్మాయిగారూ, మీరు చేస్తున్న పని దీనికోసమేనా? అయితే వదలకండి, ఏటైనా సరే.

నీలికాంతి · బుధవారం, రాత్రి 9:10

అవునండీ, దీనికోసమే. మీరు చెప్పినది చదివాక కాస్త ధైర్యం వచ్చింది.

ఉప్పుగాలిగారూ, మా స్పెసిఫికేషన్‌లో (అప్లికేషన్‌తో ఇచ్చిన వివరణ పత్రంలో) డివైజు ఫలితాలున్నాయి, కానీ 87వ నంబరుతో పోల్చలేదు. ఎందరో వాడే మామూలు హోస్ట్‌తో పోల్చాం. ఇప్పుడు కొత్తగా కొలిచి ఇవ్వొచ్చా?

ఋషికొండ_సెర్చ్ · గురువారం, ఉదయం 8:00

ఇవ్వొచ్చు, ఒక హద్దుతో. సెక్షన్ 59 ప్రకారం స్పెసిఫికేషన్‌లోకి కొత్త విషయం చేర్చలేం. అయితే జవాబుతోపాటు అఫిడవిట్‌గా పోలిక ఫలితాలు పెట్టొచ్చు. ఆ లాభం గురించి మూల స్పెసిఫికేషన్‌లో ముందే ఒక మాటైనా ఉండాలి. "జీవితకాలం పెరుగుతుంది" అని ఎక్కడైనా రాశారా?

నీలికాంతి · గురువారం, ఉదయం 8:25

ఆర్థో స్థానంలో రెండు వలయాలు మెలిపడి ఉండటం వల్ల ట్రిప్లెట్ శక్తి పెరిగి, డివైజు ఎక్కువకాలం నిలుస్తుందని ఆరో పేజీలో రాశాం. గైడుగారు పట్టుబట్టి రాయించిన వాక్యం అది.

పరవాడ_మాస్టారు · గురువారం, ఉదయం 8:40

ఆ వాక్యం రాయించిన మీ గైడుగారికి నా నమస్కారాలు చెప్పు.

ఉప్పుగాలి · గురువారం, రాత్రి 11:15

అయితే 87వ నంబరును మీరే తయారుచేయాలి. డి1లో వాళ్లు ఇచ్చిన గంటల అంకె తెచ్చి మీ అంకె పక్కన పెడితే చెల్లదు. వాళ్ల ఎలక్ట్రోడు వేరు, పొరల మందాలు వేరు, డోపెంట్ వేరు.

నేనైతే ఇలా చేస్తాను. రెండు అణువుల్నీ ఒకే తీరుగా రెండుసార్లు సబ్లిమేషన్ చేసి (ఘనాన్ని నేరుగా ఆవిరిచేసి మళ్లీ పట్టి) శుద్ధి చేయాలి. ఇది చాలామంది వదిలేస్తారు. కప్లింగ్ రియాక్షన్ తర్వాత మిగిలే బ్రోమిన్ ముక్కలు కొద్దిగా ఉన్నా జీవితకాలాన్ని తినేస్తాయి. మీ అణువు శుభ్రంగా, 87 మురికిగా ఉంటే వచ్చే తేడా అణువుది కాదు, మురికిది. తర్వాత ఒకే రోజు, ఒకే వ్యాక్యూమ్ చాంబర్‌లో, ఒకే ఐటీఓ (కరెంటు పారే పారదర్శక పూత) గాజు పలకల మీద రెండూ వేయాలి. ఒక్కోదానికి కనీసం నాలుగు డివైజులు. మొదట చదరపు మీటరుకి 1000 క్యాండెలాల వెలుగు దగ్గర పెట్టి, 95 శాతానికి పడేదాకా ఎన్ని గంటలో చూడాలి.

గ్లోవ్ బాక్సు (గాలి, తేమ చొరబడని పెట్టె) బయట మాత్రం ఒక్క నిమిషం కూడా పెట్టకండి. విశాఖ గాలి మనకి ఎంత ప్రాణమో ఓలెడ్‌కి అంత విషం. ఎమ్మెస్సీలో ఉన్నప్పుడు సీల్ సరిగా పడని డివైజుని సాయంత్రం బల్లమీద వదిలి, పొద్దున మైక్రోస్కోప్‌లో చూశాను. పచ్చగా వెలిగే చదరం మీద గుండ్రటి నల్ల చుక్కలు, అంచుల నుంచి లోపలికి పాకుతున్నాయి. తేమ క్యాథోడ్ కిందికి దూరిందన్నమాట. అలాంటి డివైజు అంకెల్ని అఫిడవిట్‌లో పెడితే హియరింగ్‌లో ఒక్క ప్రశ్నకే నిలబడదు.

సీతమ్మధార_అభ్యర్థి · శుక్రవారం, ఉదయం 9:30

ఇంత వివరంగా ఏ కోచింగ్‌లోనూ చెప్పరు. ఇంకొక్క సందేహం. హైడ్రోజన్ చోట డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) పెట్టి కొత్త అణువంటే? అది కూడా 3(డి)లో చిక్కుకుంటుందా?

ఋషికొండ_సెర్చ్ · శుక్రవారం, మధ్యాహ్నం 1:00

ఆ అభ్యంతరం ఎదురవుతుందనుకునే రాసుకోవాలి, తమ్ముడూ. కార్బన్–డ్యుటీరియం బంధం తెగడం కష్టం కాబట్టి నీలం హోస్ట్‌లు ఎక్కువకాలం నిలుస్తాయి. ఎల్‌జీ డిస్‌ప్లే 2021 డిసెంబరులో డ్యుటీరియం వాడిన టీవీ ప్యానెళ్లని ప్రకటించింది. సైన్సు నిజమే. కానీ ఇప్పుడు అందరికీ తెలిసిపోయింది, కాబట్టి "డ్యుటీరియం పెడితే ఆయుష్షు పెరుగుతుందని ఎవరైనా ఊహిస్తారు" అని ఇన్వెంటివ్ స్టెప్ మీద వస్తుంది. ఎక్కడ పెట్టామో, ఆ చోటే ఎందుకో, మిగతా చోట్ల పెడితే ఆ లాభం ఎందుకు రాదో అంకెలతో చూపాలి.

నీలికాంతీ, డి2 గురించి ఎవరూ మాట్లాడలేదు. నాకు అదే ఎక్కువ భయం. ఆ అబ్‌స్ట్రాక్ట్‌లో అణువు బొమ్మ ఉందా?

నీలికాంతి · శుక్రవారం, రాత్రి 8:30

ఉంది అక్కా. మూడో అణువు బొమ్మ, దాని కాంతి స్పెక్ట్రం. కాన్ఫరెన్స్‌లో పేపర్ చదివింది కూడా నేనే. ముందు ఫైల్ చేసి తర్వాత చదవాలని మాకు ఒక్కరూ చెప్పలేదు. సంస్థలో పేటెంట్లు చూసే సెల్‌కి వెళ్లి అడిగాను కూడా, "పబ్లికేషన్ ఉంటే ఇంకా మంచిదే" అన్నారు. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది.

పరవాడ_మాస్టారు · శుక్రవారం, రాత్రి 9:45

ఆ మాట విని ఎందరో పిల్లలు నష్టపోయారమ్మా. నాకూ కోపమే. థీసిస్‌లు కూడా అంతే, ఫైలింగ్ కంటే ముందు శోధ్‌గంగలో (థీసిస్‌లు ఉంచే ఆన్‌లైన్ భాండారంలో) పడితే అది లోకానికి చెప్పేసినట్టే.

నీకు మాత్రం ఒక దారి ఉంది. సెక్షన్ 31 చూడు. ఇన్వెంటర్ స్వయంగా ఒక లెర్నెడ్ సొసైటీ ముందు చదివిన పేపర్, లేదా తన సమ్మతితో ఆ సొసైటీ ట్రాన్సాక్షన్స్‌లో అచ్చయిన పేపర్, 12 నెలల్లోపు అప్లై చేసి ఉంటే కొత్తదనాన్ని చెరపదు. నీది నాలుగు నెలలే. 2024 సవరణల్లో దీనికోసం ఫారం 31 కూడా పెట్టారు. ఆ కాన్ఫరెన్స్ పెట్టింది ఎవరు? నమోదైన సైన్సు సొసైటీయా, లేక ఏదో ఈవెంట్ కంపెనీయా? దాన్నిబట్టే అంతా.

నీలికాంతి · శుక్రవారం, రాత్రి 9:55

కెమిస్టుల సొసైటీయే. రిజిస్టర్డ్. అబ్‌స్ట్రాక్ట్ బుక్ వాళ్లే వేశారు.

ఋషికొండ_సెర్చ్ · శుక్రవారం, రాత్రి 10:20

హమ్మయ్య. సొసైటీ నుంచి ఒక ఉత్తరం తీసుకో: పేపర్ చదివిన తేదీ, చదివింది నువ్వేనని, బుక్ వాళ్లదేనని. ఫారం 31తో అది జతచేయి.

కానీ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఇది మన దేశంలో మాత్రమే. ఓలెడ్ ప్యానెళ్లు ఎక్కువగా తయారయ్యేది కొరియాలో, చైనాలో. కొరియా, జపాన్, అమెరికాల్లో ఇన్వెంటర్ సొంత ప్రచురణకి 12 నెలల వెసులుబాటు ఉంది. యూరప్‌లో ఇలాంటిది లేదు. చైనాలో చాలా ఇరుకైన సందర్భాలకే, అదీ 6 నెలలు. మీరు ఇండియాలో ఫైల్ చేసి ఎన్నాళ్లైంది? 12 నెలలు దాటకపోతే పీసీటీ (ఒకే దరఖాస్తుతో చాలా దేశాల్లో పేటెంటు కోరే దారి) గురించి ఇప్పుడే గైడుగారితో మాట్లాడు. మూడో అణువు అక్కడ పోయినా, మిగతా మూడూ నిలుస్తాయి.

నీలికాంతి · శుక్రవారం, రాత్రి 10:35

తొమ్మిది నెలలు. రేపే మాట్లాడతాను.

నీలికాంతి · మూడు నెలల తర్వాత, ఆదివారం, సాయంత్రం 5:10

అందరికీ అప్‌డేట్. పీసీటీ వేశాం. 87వ నంబరును తయారుచేశాను, ఆరు వారాలు పట్టింది. ఉప్పుగాలిగారు వాళ్ల ల్యాబులో చాంబర్ టైమ్ ఇప్పించారు. రైల్లో శాంపిళ్లని నైట్రోజన్ నింపిన సీసాల్లో, ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లాను.

మొదటి, రెండో, మూడో అణువులు మూడూ 87 కంటే స్పష్టంగా ఎక్కువసేపు నిలిచాయి. రెండోదైతే ఒకటిన్నర రెట్లకి పైనే. నాలుగోది మాత్రం 87 కంటే తక్కువ. మళ్లీ చేశాం. మళ్లీ తక్కువే. మాస్టారూ, నాలుగోది ఏం చేయాలి? దాన్ని వదిలి మిగతా మూడింటి ఫలితాలే పెట్టమని ఒక స్నేహితురాలు అంది.

పరవాడ_మాస్టారు · ఆదివారం, సాయంత్రం 6:00

నాలుగో దాన్ని క్లెయిముల్లోంచి తీసేయ్. దాని ఫలితాన్ని మాత్రం అఫిడవిట్‌లోంచి తీయకు. నాలుగూ కొలిచాం, మూడు మెరుగు, ఒకటి కాదు, అందుకే దాన్ని వదులుకుంటున్నాం అని రాయి. ప్రమాణం చేసి ఇచ్చే కాగితమది. పైగా నాలుగోదానికి ఆర్థో స్థానం లేదు కదా? మీ ఆరో పేజీ వాక్యానికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి.

నీలికాంతి · ఆదివారం, సాయంత్రం 6:08

లేదు మాస్టారూ!! దానిది మెటా (ఒక చోటు విడిచి తర్వాతది). నాకు తట్టనేలేదు.

ఋషికొండ_సెర్చ్ · ఆదివారం, సాయంత్రం 6:40

క్లెయిమ్ 1లో ఆర్‌లన్నీ తగ్గించి, ఆర్థో కార్బజోల్‌ని తప్పనిసరి చేస్తే డి1 నుంచి దూరం కూడా పెరుగుతుంది. హోస్ట్–డోపెంట్ పొర క్లెయిముని 3(ఇ) భయంతో వదలొద్దని నా అభిప్రాయం. రెండూ విడివిడిగా చేయలేనిది కలిసి చేస్తున్నాయని మీ ఫిల్మ్ స్పెక్ట్రంలోనే ఉంది, హోస్ట్ కాంతి పూర్తిగా మాయమై డోపెంట్ కాంతే వస్తోంది. దానికి జీవితకాలం అంకెలు జతచేయి.

పరవాడ_మాస్టారు · ఆదివారం, రాత్రి 7:15

అక్కడ నాది వేరే మాట. అణువు క్లెయిములు ముందు గట్టెక్కనీ. పొర క్లెయిము వల్ల రెండు ఆవిష్కరణలున్నాయని కంట్రోలర్ (నిర్ణయం తీసుకునే పేటెంటు అధికారి) పట్టుబడితే సెక్షన్ 16 కింద డివిజనల్ (దాన్ని విడదీసి వేరే అప్లికేషన్) వేసుకోవచ్చు. కానీ మొదటి జవాబులో ఉంచాలన్న అక్క మాటకి నేను అడ్డు చెప్పను.

నీలికాంతి · ఐదు వారాల తర్వాత, గురువారం, మధ్యాహ్నం 12:30

జవాబు ఫైల్ చేశాం. ఈరోజు హియరింగ్ నోటీసు వచ్చింది. కొత్తదనం, డి2, 10(5) అభ్యంతరాలు అందులో లేవు. మిగిలింది ఇన్వెంటివ్ స్టెప్, 3(డి), 3(ఇ). వీడియో కాన్ఫరెన్స్‌లోనే, వచ్చే నెల 9న.

ఉప్పుగాలి · గురువారం, మధ్యాహ్నం 12:55

చాంబర్ లాగ్ షీట్లు స్కాన్ చేసి పంపుతున్నాను. ఒకే రోజు వేసినట్టు అందులో టైములతో సహా ఉంది.

పరవాడ_మాస్టారు · గురువారం, మధ్యాహ్నం 1:20

హియరింగ్ అయ్యాక రాతపూర్వకంగా ఇవ్వడానికి 15 రోజులే ఉంటాయి, అది ఇప్పుడే సగం రాసి పెట్టుకో. ఆదివారం పొద్దున పదింటికి మీ గైడుగారిని కూడా తీసుకుని ఎంవీపీ కాలనీ మా ఇంటికి రా అమ్మా. నేను కంట్రోలర్‌లా ప్రశ్నలు వేస్తాను, నువ్వు జవాబు చెబుదువుగాని. 87వ నంబరు గ్రాఫులు రంగుల్లో ప్రింట్ తీసి తెచ్చుకో. సీతమ్మధార అబ్బాయీ, నువ్వూ రా.